నీడా కావాలి, ఎండా కావాలి

చక్రాల మీద కాపురం మన వైపు కొత్తేమీ కాదు. గూడుబండిలో వరిగడ్డి పరిచి, దాని మీద బొంత వేసి, ఇరుసు కింద లాంతరు వేలాడదీసుకుని తిరునాళ్లకు పోయిన కుటుంబాలు కృష్ణా జిల్లాలో ఊరూరా ఉండేవి. రోడ్లు సరిగ్గా లేని కాలంలో బెజవాడ నుంచి బందరుకైనా ఏలూరుకైనా కాలువ మీద పడవే బస్సు, రాత్రికి పడవే బస. ఆ ప్రయాణాలకు కావలసిందల్లా ఎడ్లకు గడ్డి, పడవ లాగేవాళ్లకు అన్నం, లాంతరుకు కిరసనాయిలు.

మోటారు బండిలో కాపురం అంటే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది చైతన్యరథం. నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావు గారు 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ ప్రకటించారు. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ మధ్య కాలంలో ఎక్కువ భాగం ఒక పాత షెవర్లే వ్యానులో గడిచింది. స్టీరింగ్ దగ్గర హరికృష్ణ గారు, కప్పు మీద నాన్నగారు. నిద్ర బండిలో, స్నానం రోడ్డు పక్కన. ఆ బండిలో ఫ్రిజ్ ఉందా, ఫ్యాన్ ఉందా అని ఎవరూ అడగలేదు. బండికి ఏం కావాలో ఎక్కినవాడికి తెలుసు. జనానికి మాట వినపడాలి, అంతే.

మా బావగారి బండి దగ్గర వచ్చిన చిక్కంతా అక్కడే. ఆర్టీసీలో చేసి రిటైరైన మనిషి. సర్వీసంతా వేరేవాళ్లని ఊళ్లు తిప్పాను, ఇప్పుడు నేను తిరుగుతానని ఒక సెకండ్‌హ్యాండ్ ట్రావెలర్ వ్యాను కొన్నారు. సీట్లు పీకించి మంచం, గట్టు, అల్మరా పెట్టించారు. అరసవల్లి నుంచి రామేశ్వరం దాకా లాడ్జీ మెట్లెక్కకుండా తిరిగి రావాలని కోరిక. కప్పు మీద సోలార్ పెట్టిస్తే కరెంటుకు ఎవరి మొహమూ చూడక్కర్లేదని ఆయన లెక్క. నన్ను వెంటబెట్టుకుని బెజవాడ ఆటోనగర్ బయల్దేరారు.

ఆటోనగర్‌లో దొరకని పని లేదు. లారీ ఛాసిస్ లోపలికి పోతే రంగులద్దుకుని, దిష్టిబొమ్మ కట్టుకుని బయటికొస్తుంది. మేం వెళ్లిన షెడ్డులో వైరింగ్ మేస్త్రిని బావగారు అడిగిన మొదటి ప్రశ్న "పైన ఎన్ని ప్లేట్లు పడతాయి?" అని. మేస్త్రి టీగ్లాసు పక్కన పెట్టి బండి కప్పు వంక కూడా చూడలేదు. "పైన ఎన్ని పడతాయో తర్వాత చూద్దాం సార్. లోపల ఏం తిరగాలో రాసుకు రండి" అన్నాడు.

సోలార్ గురించి నేను విన్న మాటల్లో ఇంత పనికొచ్చే మాట ఇంకోటి లేదు.

ఇంట్లో ఉన్నంతకాలం ఆ లిస్టు ఎవరికీ అక్కర్లేదు. స్విచ్చి వేస్తాం, వెలుగుతుంది. దానికోసం ఒడిశా తాల్చేరు నుంచీ, సింగరేణి నుంచీ బొగ్గు రైళ్లలో వచ్చి ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ స్టేషన్‌లో మండుతుంది. 1979 నుంచీ మండుతూనే ఉంది. ఆ సంగతి మనకు గుర్తొచ్చేది నెలాఖరున బిల్లు వచ్చినప్పుడే. "ఇంత ఎలా వచ్చింది?" అని మీటరును అనుమానిస్తాం, తర్వాత పిల్లల్ని తిడతాం, తర్వాత కట్టేస్తాం. ముందు వాడకం, వెనకాల లెక్క. బండిలో ఈ వరస తిరగబడుతుంది. సాయంత్రం ఆరింటికి సూర్యుడు పోయాక బ్యాటరీలో ఎంత ఉందో అంతే. ఇక ఎవర్ని తిట్టినా ఒక్క వాటు రాదు. కాబట్టి మనకేం కావాలో ముందే నోరు విప్పి చెప్పాలి. ఎవరికివారు, నిజాయితీగా. ఆ పని మనకు అలవాటు లేదు.

అక్కయ్య చెబుతుంటే నేను రాశాను. నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు, చిన్న ఫ్రిజ్, మిక్సీ, రైస్ కుక్కర్, కాఫీకి కరెంటు కెటిల్, సీరియళ్లకు టీవీ, ఫోన్లు, నీళ్ల మోటారు. బావగారు కుర్చీలోంచి లేవకుండా "ఏసీ కూడా రాయి" అన్నారు.

ఇక్కడ వాటుకూ యూనిట్టుకూ తేడా తెలియకపోతే అంతా గందరగోళమే. పట్నం ఇంజనీర్లకంటే డెల్టా రైతుకు ఇది చెప్పడం తేలిక. ఆయనకు క్యూసెక్కు తెలుసు, టీఎంసీ తెలుసు. క్యూసెక్కు పారుదల వేగం, టీఎంసీ పారిన మొత్తం. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. కరెంటులో వాటు క్యూసెక్కులాంటిది, యూనిట్టు టీఎంసీలాంటిది. వెయ్యి వాట్లు గంటసేపు పారితే ఒక యూనిట్టు.

ఇప్పుడు మిక్సీని చూడండి. 500 వాట్లు లాగుతుంది. చూడటానికి రాక్షసి. కానీ పచ్చడికి పది నిమిషాలు తిప్పితే యూనిట్టులో పన్నెండో వంతే అవుతుంది. ఫ్యాన్ పాతిక వాట్లే, నోరెత్తదు. రాత్రి పది గంటలు తిరిగితే పావు యూనిట్టు తాగేస్తుంది, అంటే మిక్సీకి మూడింతలు. మిక్సీ వరద రోజున గేట్లెత్తినట్టు, ఫ్యాన్ కాలువకు రోజూ వదిలినట్టు. ఇన్వర్టర్ సైజు చెప్పేది మిక్సీ. బ్యాటరీ సైజు చెప్పేది ఫ్యాన్. ఈ రెండిటినీ కలిపేసి "మాకు రెండు కిలోవాట్లు కావాలండీ" అనేవాళ్లు చాలామంది. ఎంతసేపు అని అడిగితే తెల్లమొహం వేస్తారు.

ఈ లెక్క ఇంకో అడుగు ముందుకు పోతుంది. ప్రకాశం బ్యారేజీ పట్టేది మూడు టీఎంసీల చిల్లర. 2024 సెప్టెంబరు మొదట్లో దాని మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఆ ఉధృతిలో బ్యారేజీ నిండా ఉన్న నీళ్లు ఖాళీ కావడానికి ముప్పావు గంట చాలు. వంద ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీకి రెండు కిలోవాట్ల ఇండక్షన్ పొయ్యి తగిలిస్తే అచ్చంగా అదే జరుగుతుంది. బ్యాటరీలో ఉండేదే యూనిట్టుంబావు. పప్పు ఉడికేలోపు బ్యాటరీ ఉడికిపోతుంది.

అందుకని వేడి పుట్టించే వస్తువులన్నిటికీ ముందు గీత పెట్టాం. కెటిల్, రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, గీజరు, ఇవన్నీ సోలార్‌కు బద్ధ శత్రువులు. రైస్ కుక్కర్ రెండు పూటలా కలిపి ముప్పాతిక యూనిట్టు అడుగుతుంది. అయిదు కిలోల గ్యాస్ సిలిండరు గాలాడే చోట పెట్టుకుని అన్నం దాని మీద వండుకుంటే ఆ బాధ ఉండదు. అక్కయ్య అన్నిటికీ ఒప్పుకుంది. ఒక్క మిక్సీ దగ్గర మాత్రం "రోటి పచ్చడి లేకుండా రామేశ్వరం ఏంటి తమ్ముడూ, మీ బావగార్నొక్కణ్నే వెళ్లమను" అంది. మిక్సీ ఉండిపోయింది. పైన చెప్పినట్టు దాని ఖర్చు పన్నెండో వంతే కాబట్టి ఆవిడ పట్టుదలకు లెక్కలో కూడా న్యాయం ఉంది.

మిగిలింది కూడితే ఇలా తేలింది. అయిదు వాట్ల లైట్లు నాలుగు అయిదేసి గంటలకు 100 వాట్ అవర్లు. పాతిక వాట్ల డీసీ ఫ్యాన్లు రెండు పది గంటలకు 500. పన్నెండు వోల్టుల చిన్న కంప్రెసర్ ఫ్రిజ్‌కు మన ఎండాకాలంలో 600 వేసుకోవాలి. లోపల వేడెక్కిన కొద్దీ అది ఆగకుండా తిరుగుతుంది. మిక్సీ 85, టీవీ 60, ఫోన్లు 40, నీళ్ల మోటారు 20. మొత్తం 1,400 చిల్లర, అంటే యూనిట్టూ నలభై పైసలు అనుకోండి. బ్యాటరీలోకి ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ, ఇన్వర్టర్ గుండా పోయేటప్పుడూ కొంత కారిపోతుంది. కాలువలో నీళ్లు ఇంకినట్టే. అది కలుపుకుంటే రోజుకు యూనిట్టుంముప్పావు చేతిలో ఉండాలి.

ఇక ఏసీ. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రి ఎనిమిది గంటలకు అయిదారు యూనిట్ల దాకా తింటుంది. తక్కిన బండి మొత్తం ఒక్క రోజుకు తినే దానికి మూడింతలకు పైనే. దాన్ని రాత్రంతా నడపాలంటే వంద ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలు ఆరు కావాలి. వాటిని పగలు నింపాలంటే 540 వాట్ల ప్యానెళ్లు ఇంకో నాలుగు కావాలి. ఒక్కోటి రెండుంబావు మీటర్ల పొడవు, మీటరుకు పైగా వెడల్పు. నాలుగూ పది చదరపు మీటర్లు దాటతాయి. బండి కప్పే అంత లేదు. నేను కాగితం బావగారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు కూడి చూసుకున్నారు. "అయితే బెజవాడలో ఎండాకాలం ఏసీ లేకుండా ఎలా పడుకుంటామోయ్?" అన్నారు. "ఎండాకాలం బెజవాడ వదిలేసి వెళ్లడానికే కదా బావగారూ బండి కొన్నది" అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

ఆయన ప్రశ్న తీసిపారేసేది కాదు. మే నెలలో మన వైపు రాత్రులు కూడా ముప్పై డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, దానికి తోడు సముద్రపు ఉక్కపోత. కొండరాళ్లు పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంటాయి. ఏసీ కావలసింది సరిగ్గా సూర్యుడు లేని వేళ. సూర్యుడి మీద ఆధారపడ్డవాడికి ఇదొక పాత చిక్కు. కైకలూరు, మండవల్లి వైపు రొయ్యల చెరువుల వాళ్లనడగండి, వాళ్లకింకా బాగా తెలుసు. చెరువులో ప్రాణవాయువు పడిపోయేది తెల్లవారుజామున. రెండేసి హార్స్‌పవర్ ఏరేటర్లు చెరువు చెరువుకూ తిరగాల్సింది ఆ వేళే. అప్పుడు కరెంటు పోతే సోలార్ ఆదుకోదు, డీజిల్ జనరేటరే దిక్కు.

అదే చెరువు గట్ల మీద కాపలా గుడిసెలకు మాత్రం చిన్న చిన్న ప్యానెళ్లు కనిపిస్తాయి. ముదినేపల్లి దాటాక ఒక గుడిసె దగ్గర ఆగి మాట కలిపాను. పలక రెండు జానల వెడల్పు ఉంటుందేమో. "ఇది సరిపోతుందా?" అంటే, "బల్బుకీ సెల్లుకీ సరిపోద్దండి. క్రికెట్ ఉన్న రోజు బల్బు ఆర్పేసి సెల్లు చూస్తాను. దోమలకు ఫ్యాన్ పెట్టుకోవాలంటే ఇంకో బ్యాటరీ కావాలండి, ఆ మాటే అయ్యగార్ని అడుగుతున్నా" అన్నాడు. ఉన్నదాంతో తృప్తిపడ్డ మునీశ్వరుడేమీ కాదు. ఫ్యాన్ కావాలి. కానీ దేనికి ఎంత పోతుందో, ఇంకెంత తెస్తే ఏం వస్తుందో అతనికి నోటి లెక్క. బావగారి బండికి ఆ రోజు లేనిది అదే.

ఆటోనగర్ నుంచి బయటికొచ్చే లారీల్లోనూ ఇదే లెక్క చూశాను. బెజవాడ లారీ డ్రైవరుకు నెలలో సగం రోజులు క్యాబినే ఇల్లు. గొల్లపూడి దగ్గరో, హనుమాన్ జంక్షన్ దగ్గరో రోడ్డు పక్కన ఆపి పడుకుంటాడు. ఇరవై నాలుగు వోల్టుల చిన్న ఫ్యాను, ఒక ఛార్జరు. 2025లో అమల్లోకి వచ్చేలా, కొత్తగా తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లలో ఏసీ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. చాలా ఆలస్యంగా జరిగిన మంచి పని. అయితే ఆ ఏసీ ఇంజను తిరిగితేనే తిరుగుతుంది. బండి ఆపి పడుకున్నాక మళ్లీ ఫ్యానే గతి.

సరే, ప్యానెళ్ల సంగతికి వద్దాం. 1954లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు మొదటి సిలికాన్ సెల్లు చూపించినప్పుడు అది మీద పడ్డ ఎండలో ఆరు శాతాన్ని కరెంటుగా మార్చింది. ఇప్పుడు బజారులో మామూలు మోనో ప్యానెల్ ఇరవై ఒకటి, ఇరవై రెండు శాతం మారుస్తుంది. వెనక అంటించిన చీటీ మీద 540 వాట్లని ఉంటే, అది ఒక ప్రయోగశాల మాట. చదరపు మీటరుకు వెయ్యి వాట్ల వెలుగు పడుతూ, సెల్లు వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు వచ్చే లెక్క అది. బెజవాడలో నడి ఎండలో సెల్లు 25 డిగ్రీలు ఉండేది ఏ యుగంలో? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రేకు కప్పుకు ఆనుకున్న ప్యానెల్ డెబ్బై డిగ్రీల దాకా పోతుంది. పాతిక దాటిన ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం తరుగు. నలభై అయిదు డిగ్రీలకు పదహారు శాతం పోయినట్టే. చాలామంది ఎండ మండితే కరెంటు పొంగుతుందనుకుంటారు. ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. మన వైపు దానికి బాగా నచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలలు. ఆకాశం తేటగా ఉంటుంది, కప్పు ఇంకా పెనం కాదు.

ఇళ్ల మీద కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లని అందరూ వాడే లెక్క. బండి మీద మూడున్నరే వేసుకోమంటాను. దుమ్ము, వేడి, ఏటవాలు లేకపోవడం, అన్నీ కలిపి. అంటే మన యూనిట్టుంముప్పావుకు అయిదు వందల వాట్లు. ఏటవాలు లేకపోవడం మనకు పెద్ద నష్టం కూడా కాదు. బెజవాడ పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. నిలబడ్డ కర్రకు నీడ ఉండదు. మధ్యలో కొన్నాళ్లు కాస్త ఉత్తరానికి కూడా జరుగుతాడు. బండి కప్పులాంటి బల్లపరుపు చోటుకు ఇంతకంటే ఏం కావాలి? డిసెంబరులో మాత్రం దక్షిణాన యాభై డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, దాంతో రాబడి తగ్గుతుంది. అప్పుడు ఫ్యాను కూడా అక్కర్లేదు కాబట్టి జమాఖర్చు సరిపోతుంది. జర్మనీలోనో కెనడాలోనో క్యారవాన్ తిప్పేవాడికి ఈ అదృష్టం లేదు. అతనికి హీటరు కావలసిన నెలలోనే ఎండ మొహం చాటేస్తుంది.

నన్నడిగితే గాజు ప్యానెళ్లే పెట్టించాలి. వంగే ప్యానెళ్లు తేలికగా, ముచ్చటగా ఉంటాయి. కానీ కప్పుకు అంటించేస్తారు, కింద గాలి ఆడదు, మన ఎండకు తొందరగా పాడవుతాయి. గాజు ప్యానెల్ కింద నాలుగు వేళ్ల సందు వదిలితే వేడి గాలి పోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. కప్పు మీద ఎండ పడకుండా అదే ఒక పందిరవుతుంది, లోపల మనుషులకు తెలిసేంత తేడా వస్తుంది. పెద్ద ప్యానెల్ నలభై వోల్టుల పైన ఇస్తుంది, బ్యాటరీ పన్నెండు వోల్టులది. మధ్యలో ఎంపీపీటీ కంట్రోలర్ ఉంటేనే ఆ తేడా కరెంటుగా మారుతుంది. చవకగా దొరికే పీడబ్ల్యూఎం పెడితే సగానికి పైగా నేలపాలు. పాతిక కిలోలు దాటిన గాజు పలక హైవే గాలికి లేవకుండా ఉండాలంటే గమ్ము ఒక్కటే నమ్ముకోకూడదు, బోల్టులు వేయించాలి. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, దాని తర్వాత లావుపాటి వైరు. పన్నెండు వోల్టుల మీద వెయ్యి వాట్లంటే ఎనభై ఆంపియర్లకు పైనే. సన్న వైరు పెడితే అదే హీటరవుతుంది. డబ్బు మిగుల్చుకోవాలంటే టీవీ దగ్గర మిగుల్చుకోండి, వైరు దగ్గర వద్దు. బండిలో ఇలాంటి మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ముందు అనుమతి, ఆర్‌సీలో నమోదు ఉండాలి. ఆ పని కూడా చేయించుకోవాలి.

ఇంటి కప్పుకైతే పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. బావగారు దాని గురించి కూడా వాకబు చేశారు. చక్రాలున్న కప్పుకు అది లేదు.

బ్యాటరీ విషయంలో వాదన అక్కర్లేదు. ఇంటి ఇన్వర్టర్ కింద ఉండే 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ యాభై కిలోలు దాటుతుంది. దాంట్లో సగం వాడితే చాలు, అంతకంటే పిండితే ఆయుష్షు తగ్గుతుంది. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ ఖరీదు ఎక్కువే, కానీ వంద ఆంపియర్ అవర్లది ఒక్క చేత్తో ఎత్తొచ్చు, ఎనభై శాతం దాకా నిశ్చింతగా వాడొచ్చు. రెండు పెడితే రెండు యూనిట్లు చేతికొస్తాయి, మన రోజు గడుస్తుంది. ఇంజను వేడి తగిలే చోట మాత్రం పెట్టకూడదు. మంచం కింద చోటివ్వండి. ఇంకో సంగతి, బండి నడుస్తున్నప్పుడు ఇంజను ఆల్టర్నేటర్ నుంచి కూడా ఈ బ్యాటరీకి ఛార్జింగు పెట్టుకోవచ్చు. ముప్పై ఆంపియర్ల డీసీ ఛార్జరుతో మూడు గంటలు నడిస్తే యూనిట్టు పైన చేరుతుంది. అంటే తిరిగే రోజు సగం బరువు ఇంజను మోస్తుంది. సోలార్‌కు అసలు పరీక్ష ఒకే చోట రెండు మూడు రోజులు ఆగినప్పుడే.

అక్కడే నీడ గొడవ మొదలవుతుంది.

బండి ఆపాలంటే తెలుగువాడి కళ్లు ముందు చెట్టును వెతుకుతాయి. రావిచెట్టో, నిద్రగన్నేరో కనిపిస్తే బ్రేకు దానంతటదే పడుతుంది. ఆర్టీసీ బస్సు తోలినవాడికి మరీను. ప్యానెల్‌కు ఆ చెట్టంటే గిట్టదు. ఒక ప్యానెల్‌లో సెల్లులన్నీ వరసగా ఒకదాని వెనక ఒకటి కట్టి ఉంటాయి. ఒక్క కొమ్మ నీడ ఒక మూల పడితే ఆ వరసంతా మందగిస్తుంది, మూడో వంతు రాబడి పోతుంది. పక్షి రెట్ట కూడా ఆ పనే చేస్తుంది. అందుకే ఒక పెద్ద ప్యానెల్ బదులు కాస్త చిన్నవి రెండు పెట్టి పక్కపక్కన సమాంతరంగా కలపమంటాను. ఒకటి నీడలో పడ్డా రెండోది పనిచేస్తుంది. మడత ప్యానెల్ ఒకటి కొని, బండిని నీడలో ఆపి, దాన్ని ఎండలో వేసి పొడుగాటి వైరు లాగే పద్ధతి కూడా ఉంది. పొలాల్లో బాగుంటుంది. గుడి ముందు పెడితే కోతులకో దొంగలకో అప్పజెప్పినట్టే.

మనిషికి నీడ కావాలి, బండికి ఎండ కావాలి. ఈ తగవు ఏ కంట్రోలరూ తీర్చదు, రోజు గడిపే తీరు మార్చుకోవాలి. ప్యానెల్‌కు బంగారంలాంటి వేళ పొద్దున పదింటి నుంచి మూడింటి దాకా. ఆ వేళ బండిని ఎండకు వదిలి మనుషులు దర్శనానికో, మండపానికో, బంధువుల ఇంటికో పోవాలి. కప్పు లోపల మంచి ఇన్సులేషన్, పైన వేడి గాలి పోయే చిన్న ఫ్యాను ఉంటే సాయంత్రానికి లోపల కూర్చోవచ్చు. బావగారికి ఈ ఏర్పాటు మొదట అవమానంగా తోచింది. "బండి కొనుక్కుని పగలంతా బయట తిరగాలా?" అన్నారు. అక్కయ్య మాత్రం "ఇంట్లో కూర్చోడానికే అయితే ఇల్లుంది కదండీ" అంది.

ఈ లిస్టు రాయడం ప్రయాణాలకే పనికొస్తుందని కూడా నేననుకోను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా చుట్టాలు మేడ మీద ఇరుక్కుపోయారు. కరెంటు లేదు. ఇన్వర్టర్, దాని బ్యాటరీ కింద వరండాలో, నీళ్లలో. ఇంట్లో ఏసీలున్నాయి, పెద్ద టీవీ ఉంది. ఆ రోజుల్లో వాళ్లకు కావలసిన కరెంటు ఒక ఫోనుకు సరిపడా. పడవ ఎటు వస్తోందో కనుక్కోవాలి, అమెరికాలో ఉన్న పిల్లలకు బతికే ఉన్నామని చెప్పాలి. యాభై వాట్ల ప్యానెల్ ఒకటి డాబా మీద ఉంటే అది జరిగేది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన భయం తరతరాలుగా మోస్తున్న డెల్టాలో, ప్రతి ఇంటి పై అంతస్తులోనూ అంత చిన్న ఏర్పాటు ఎందుకు లేదో నాకు అంతుపట్టదు.

బావగారి బండి మీద ఇప్పుడు రెండు ప్యానెళ్లున్నాయి, లోపల రెండు బ్యాటరీలు, రెండు ఫ్యాన్లు, ఒక మిక్సీ. ఏసీ లేదు. మే నెలలో తప్పనిసరై దిగాల్సొస్తే ఏసీ గది తీసుకుంటామని, అది సోలార్ మీద వేసే ఖర్చులో చారెడు కాదని ఇప్పుడు ఆయనే నాకు చెబుతున్నారు. ప్రయాణం కార్తీకంలో.

మీరూ ఇలాంటి బండి కట్టించుకునే ఆలోచనలో ఉంటే ముందు ఆటోనగర్ వెళ్లకండి. ఒక శనివారం సాయంత్రం ఇంట్లో మెయిన్ ఆఫ్ చేసి, తెల్లారేదాకా ఏది లేకపోతే నిద్ర పట్టలేదో కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన వాట్లు వేయండి, గంటలు వేయండి. ఆ కాగితం పట్టుకుని వెళ్తే మేస్త్రి టీ తాగడం ఆపి మీతో మాట్లాడతాడు.